అన్నయ్య సిస్టంలోకి ఎక్కని ఆట

మా అన్నయ్య గుంటూరు మిర్చి యార్డులో లారీ మీంచి పడ్డాడు. ఆ ఏడు మిరప బాగా కాసింది. కాయలు కుక్కిన గోతాలను మావైపు టిక్కీలంటారు. వాటిని దించుతుంటే పై వరస జారింది, దాంతోపాటే అన్నయ్యా జారాడు. ఎత్తడానికి పరిగెత్తుకొచ్చిన హమాలీలతో "ఏం కాలేదు, నడుం పట్టేసింది, కాసేపాగి లేస్తా" అన్నాడట. మళ్లీ లేవలేదు.

ఎండాకాలమంతా గుంటూరు ఆస్పత్రిలోనే గడిచింది. తొలకరి పడి, చేలల్లో పత్తి గింజలు పెడుతున్న రోజుల్లో ఇంటికి తీసుకొచ్చాం. నడుము కింద స్పర్శ లేదు. చేతులకేమీ కాలేదు. వెనక దిండ్లు ఆనించి కూర్చోబెడితే కాసేపు కూర్చోగలిగేవాడు. పాతికేళ్లు కూడా నిండలేదు వాడికి. నేనప్పుడు చిలకలూరిపేటలో డిగ్రీ చదువుతున్నాను.

మా ఊరి క్రికెట్ జట్టులో మొదటి ఓవరెప్పుడూ అన్నయ్యదే. పత్తికట్టె పీకేసిన చేలో, నల్లరేగడి నెర్రెలిచ్చిన నేల మీద, చెప్పుల్లేకుండా ఎక్కడో గట్టు దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చి వేసేవాడు. బంతి నెర్రెలో పడితే ఎటు తిరుగుతుందో వేసినవాడిక్కూడా తెలియదని పక్క ఊరివాళ్లు పోట్లాటకొచ్చేవాళ్లు. అన్నయ్య నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుతూ నిలబడేవాడు. ఇంటికి తెచ్చిన కొత్తలో ఆ జట్టువాళ్లంతా వచ్చి మంచం చుట్టూ కూర్చుని వెళ్లేవాళ్లు. వాళ్లకీ పొలాలున్నాయి, పనులున్నాయి. ఒక్కొక్కళ్లే రావడం తగ్గించారు. వచ్చినవాళ్లు కూడా ఆట మాట ఎత్తేవాళ్లు కాదు.

ఆస్పత్రిలో కసరత్తులు చేయించే గదిలో ఒక కంప్యూటర్ ఉండేది. అందులో క్రికెట్ ఆట ఉండేది. చేతులు చురుగ్గా ఉండాలని అక్కడి మేడం అన్నయ్య చేత రోజూ కాసేపు ఆ ఆట ఆడించేవారు. ఆ కాసేపు మాత్రం మా పాత అన్నయ్య కనిపించేవాడు. అవుటైతే బల్ల మీద గుద్దేవాడు. వికెట్ పడితే "చూశావా, ఎట్టా లేచిందో!" అని నా వైపు తిరిగేవాడు. ఇంటికి పంపించే రోజు మేడం నాన్నను పక్కకు పిలిచి, "పిల్లాణ్ని ఊరికే పడుకోబెట్టకండి. చేతులకి పని ఉండాలి, మనసుకీ ఉండాలి" అన్నారు.

ఇంటికొచ్చాక అన్నయ్య మాట్లాడడం మానేశాడు. గదిలోకి ఎవరు వెళ్లినా కళ్లు మూసుకునేవాడు. ఒకరోజు అన్నం పెడుతున్న అమ్మతో, "ఆ ఆట ఉంటే కొద్దిగా పొద్దుపోయేది" అన్నాడు. అమ్మ ఆ మాట నాన్నకి చెప్పింది. నాన్న మర్నాడే గుంటూరు వెళ్లి, విడి భాగాలు అక్కడికక్కడే బిగించి ఇచ్చే మనిషి దగ్గర కంప్యూటర్ ఒకటి మాట్లాడుకుని, దాన్ని దుప్పట్లో చుట్టి జీపులో ఒళ్లో పెట్టుకుని తీసుకొచ్చాడు.

మా ఇంట్లో వీధి గది ఒక్కటే అన్నయ్య మంచానికి సరిపోయేంత పెద్దది. అంతకుముందు అందులో టిక్కీలు పెట్టేవాళ్లం. గోతాలన్నీ తీసేసినా ఘాటు గోడల్లోనే ఉండిపోయింది. ఆ గదిలోనే మంచం పక్కన బల్ల వేసి కంప్యూటర్ పెట్టాం. దుమ్ము పడకుండా అమ్మ తన పాత చీర ఒకటి మడిచి దాని మీద కప్పింది. కాలేజీలో చదువుతున్నదాన్ని కాబట్టి నాకు కంప్యూటరొచ్చని ఇంట్లో అందరి నమ్మకం. నాకొచ్చిందల్లా కాలేజీ ల్యాబులో నేర్పిన టైపింగూ, ఫైలు దాచుకోవడమూను.

ఆట మాత్రం అందులో లేదు. బిగించిన మనిషి ఆటలేమీ వేసివ్వలేదు. ఇంటర్నెట్‌లో డెమో ఊరికే దొరుకుతుందని, ఐదు ఓవర్ల దాకా ఆడుకోవచ్చని మేడం చెప్పి ఉన్నారు. మా ఊళ్లో ఇంటర్నెట్ ఎక్కడిది? ఉన్న ఫోను కూడా వానొస్తే మూగబోయేది. అందుకని పేటలో కాలేజీకి వెళ్లే దారిలో ఉన్న నెట్ సెంటర్‌కి వెళ్లాను. దాన్ని నడిపే ఆయన నిదానస్తుడు. అన్నయ్య సంగతి చెబితే విని, "చాలా పెద్ద ఫైలమ్మా ఇది. పొద్దున కాలేజీకి పోయేటప్పుడు నాకు చెప్పి పో. సాయంత్రం దాకా దిగుతానే ఉంటది. మధ్యలో కరెంటు పోతే మాత్రం మళ్లీ మొదటికే" అన్నాడు.

కరెంటు పోయేది. అవి కరెంటు కోతల రోజులు. పొద్దున ఒక వేళ, మధ్యాహ్నం ఒక వేళ. సాయంత్రం నేను వెళ్లేసరికి ఆయన ముఖం చూడగానే తెలిసిపోయేది. "ఇవాళ ముప్పాతిక దాకా వచ్చిందమ్మా, పోయింది" అనేవాడు. నేను బస్సెక్కి ఇంటికొచ్చేసరికి అన్నయ్య దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉండేవాడు. నేను వచ్చే వేళకి తనను లేపి కూర్చోబెట్టమని అమ్మను అడిగేవాడట. "దిగిందా?" అనేవాడు. "రేపు" అనేదాన్ని.

చివరికి ఒక రోజు మొత్తం దిగింది. ఆయన దాన్ని సీడీ మీద ఎక్కించి, గీతలు పడకుండా కాగితంలో చుట్టి ఇచ్చాడు. బస్సులో దాన్ని పుస్తకాల మధ్య పెట్టి గుండెకి ఆనించుకుని కూర్చున్నాను.

ఆ సాయంత్రం నాన్న పొలం నుంచి పెందలాడే వచ్చాడు. కాళ్లు కడుక్కుని, తుండుతో తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ అన్నయ్య వీపు వెనక ఇంకో దిండు పెట్టింది. సీడీ పెట్టాను. డ్రైవు గుర్రుమని తిరిగింది. తెర మీద ఆట బొమ్మ వచ్చింది, పచ్చటి మైదానం, నిండా జనం. అన్నయ్య ముందుకు వంగబోయి, పట్టు దొరక్క నా భుజం పట్టుకున్నాడు. కింద నీలం గీత మెల్లిగా జరుగుతోంది. సగం దాటింది. అక్కడే ఆగింది. డ్రైవు ఒకటే పనిగా గరగరమంది. కాసేపటికి ఇంగ్లిషులో ఏదో వచ్చి, ఓకే అని ఒక్క మీట మాత్రం చూపించింది.

"ఏమంటదమ్మా?" అన్నాడు నాన్న.

"ఏదో ఫైలు పాడైందంట నాన్నా."

"ఏ ఫైలు?"

నాకేం తెలుసు? మళ్లీ పెట్టాను. మళ్లీ అక్కడే ఆగింది. కంప్యూటర్ ఆపి, వేసి, పెట్టాను. అక్కడే. అన్నయ్య నా భుజం మీంచి చెయ్యి తీసేసి, "కొత్తది గదా, అట్టాగే ఉంటది. రేపు ఆయన్ని అడుగులే" అన్నాడు. ఆ మాట నన్ను ఓదార్చడానికి అన్నది. ఓదార్చాల్సింది వాడు కాదు.

మర్నాడు నెట్ సెంటర్‌లో ఆయన ఆ సీడీని తన కంప్యూటర్లో పెట్టి చూశాడు. నా కళ్ల ముందే నీలం గీత చివరిదాకా పోయింది. ఆట తెరుచుకుంది. బ్యాట్ పట్టుకున్నవాడు పిచ్ మీద బ్యాట్ తడుతూ నిలబడ్డాడు. "మంచిగానే ఉంది గదమ్మా" అన్నాడాయన. ఆట ఎక్కనందుకు ముందురోజు పడ్డ బాధ కన్నా, అది వేరే చోట ఎక్కడం చూసినప్పుడు పడ్డ బాధ ఎక్కువ. అందరికీ పనిచేసేది మా ఇంట్లోకి వచ్చేసరికి ఎందుకు ఆగిపోతుంది? అప్పటికి ఆ ప్రశ్న కంప్యూటర్ గురించి మాత్రమే అడుగుతున్నట్టు నాకు అనిపించలేదు.

ఆయన ఓపిగ్గా ఒక్కొక్కటీ చెప్పేవాడు. సీడీ నుంచి ముందు కంప్యూటర్లోకి కాపీ చేసుకుని అప్పుడు ఎక్కించమన్నాడు. కాపీ కూడా సగంలోనే ఆగింది. ఇంకో సీడీ మీద వేసిచ్చాడు, ఇంకో కంపెనీ సీడీ. అదీ ఆగింది. పోనీ క్రికెట్ కాకపోతే ఏదో ఒకటని కార్ల పందెం ఆట దించి ఇచ్చాడు. దాన్నైతే కంప్యూటర్ మొదట్లోనే తిరస్కరించింది. రోజూ అదే బస్సు, అదే మాట, అదే గరగర. అన్నయ్య నన్ను "దిగిందా?" అని అడగడం మానేసి నా చేతుల వంక చూసేవాడు. చేతిలో కాగితం చుట్ట ఉంటే అమ్మను పిలిచి దిండ్లు పెట్టించుకునేవాడు. లేకపోతే కళ్లు మూసుకునేవాడు.

నాన్న గుంటూరు మనిషికి ఫోన్ చేశాడు. ఆయన అవతలి నుంచి, ఆటలకి నేను పూచీ ఇవ్వలేదు, కంప్యూటర్ వెలుగుతుందా లేదా చెప్పండి అన్నట్టున్నాడు. నాన్న ముందు కేకలేశాడు. యార్డులో దళారుల మీద వేసే కేకలు. తర్వాత గొంతు తగ్గింది. "మావాడు మంచం మీద ఉన్నాడయ్యా" అన్నాడు. "ఒక్కసారొచ్చి చూసి పోరాదా? నీకు పుణ్యముంటది." మా నాన్న ఎవరినీ అట్లా బతిమాలగా అంతకుముందు నేను వినలేదు. పక్క గదిలో అన్నయ్య కూడా విన్నాడు. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఒళ్లంతా తిప్పుకోలేడు వాడు.

ఆ మనిషి వచ్చాడు. ఆ రోజు నేను కాలేజీ మానేశాను. కంప్యూటర్ పెట్టె మరలు విప్పి మూత తీయగానే ఆయనకి వరసగా తుమ్ములు మొదలయ్యాయి. లోపలి ఫ్యాను రెక్కల మీద ఎర్రటి పొడి పేరుకుని ఉంది. "మిషన్‌కి కూడా ఘాటెక్కిందండీ!" అని నవ్వాడు. చాలా రోజుల తర్వాత అన్నయ్య కూడా నవ్వాడు. ఆయన బ్రష్షుతో దులిపి, సీడీ డ్రైవు విప్పి, లోపలి చిన్న అద్దాన్ని దూదితో తుడిచి, మళ్లీ బిగించాడు.

ఈసారి నీలం గీత సగం దగ్గర ఆగలేదు. చివరిదాకా పోయింది. అమ్మ రెండు చేతులూ జోడించి తలకి ఆనించుకుంది. "నొక్కు నొక్కు" అన్నాడు అన్నయ్య. నొక్కాను. తెర నల్లగా అయింది. నలుపు మధ్యలో తెల్ల డబ్బా. ఈ ఆటకి కావలసిన కార్డు ఈ కంప్యూటర్లో లేదట.

గుంటూరు మనిషి నవ్వడం మానేశాడు. "బొమ్మలు తిరగాలంటే దీనికి వేరే గ్రాఫిక్ కార్డు ఉండాలండి. ఇది ఆఫీసు పనులకని బిగించిన బోర్డు. అది పెట్టడానికి దీంట్లో చోటు లేదు."

"చోటు చేసి పెట్టు" అన్నాడు నాన్న.

"చేస్తే అయ్యేది కాదండి. బోర్డే అంత."

"అయితే మొత్తం మార్చు."

అప్పుడు అన్నయ్య గట్టిగా అన్నాడు. "నాన్నా, ఇంక నా కోసం ఏమీ మార్చొద్దు." గుంటూరు మనిషి సామాను సర్దుకుని, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. వెళ్తూ అన్నయ్య మంచం దగ్గర ఆగి, భుజం తట్టి వెళ్లాడు.

నేను వదల్లేదు. నెట్ సెంటరాయన్ని అడిగితే, అంతకు ముందెప్పుడో వచ్చిన పాత క్రికెట్ ఆట ఉందని, చిన్నదని, దానికి ఆ కార్డు అక్కర్లేదనుకుంటానని వెతికి దించి ఇచ్చాడు. అది ఎక్కింది. తెరుచుకుంది కూడా. బొమ్మలు మరీ ముతకగా ఉన్నాయి, మనుషుల ముఖాలు చెక్కపెట్టెల్లా ఉన్నాయి. అయినా మైదానం మైదానమే. అన్నయ్య కీబోర్డు ఒళ్లో పెట్టుకుని బౌలింగ్ తీసుకున్నాడు.

బౌలర్ పరుగు మొదలుపెట్టాడు. ఒక కాలు లేచింది. అట్లాగే గాల్లో ఉండిపోయింది. చాలాసేపటికి కింద పడింది. రెండో కాలు లేవాలి. లేవలేదు. తెర వణికింది. వాడు ఉన్నచోటే ఉండి, ఒక్క గెంతులో ఎక్కడో ముందు కనబడి, మళ్లీ ఆగిపోయాడు. అన్నయ్య మీట నొక్కుతున్నాడు, నొక్కుతున్నాడు.

"వీడికీ నాలాగే అయిందే" అన్నాడు, నవ్వుతూ.

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను నవ్వాలో వద్దో తెలియక తెరనే చూస్తూ కూర్చున్నాను. బౌలర్ చెయ్యి పైకి లేచి ఉంది. బంతి ఆ చేతిలోనే ఉంది. ఎంతసేపు చూసినా అది చెయ్యి దాటి రాలేదు.

"ఆపెయ్యమ్మా" అన్నాడు అన్నయ్య. మామూలుగా నన్ను "ఒసేయ్" అని పిలిచేవాడు. అమ్మా అన్నది ఆ రోజే.

ఆ తర్వాత కూడా, వాడు మధ్యాహ్నాలు నిద్రపోతున్నప్పుడు నేను ఆ బల్ల దగ్గర కూర్చుని తెర రంగులు తగ్గించి, బొమ్మ చిన్నది చేసి, జనం లేకుండా చేసి, ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాను. ఒకరోజు మెలకువ వచ్చి నన్ను చూశాడు.

"ఇంకా దాన్నే పట్టుకుని ఉన్నావా?"

"ఈసారి కొంచెం నయంగా కదులుతుంది అన్నయ్యా. చూస్తావా?"

"నాకొద్దే."

"ఒక్క ఓవర్ చూడు."

పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు. "ఆస్పత్రిలో ఆడేటప్పుడు నాకు కాళ్లు వస్తాయనే అనుకునేవాణ్ణి. పంట చేతికొచ్చే వేళకి లేస్తానని. అందుకే అంత బాగుంది ఆ ఆట. ఇంటికొచ్చాక కూడా అదే ఆట కావాలనుకున్నా. అదే కాదు గదా మరి. ఎక్కినా ఇప్పుడు అది వట్టి బొమ్మలాటే." ఆగి, "నువ్వు చదువుకో" అన్నాడు.

ఆ రోజు నుంచి నేనూ దాన్ని ముట్టుకోలేదు. అమ్మ చీర కప్పేసింది. అన్నయ్య రేడియో కూడా వద్దనేవాడు. కాలేజీ నుంచి రాగానే పక్కన కూర్చుని ఊళ్లో సంగతులు చెప్పేదాన్ని. వినేవాడో లేదో. పక్క మార్చడానికి నాన్నా నేనూ పట్టుకున్నప్పుడు, ఎంత తేలికైపోయాడో ఇద్దరికీ తెలిసేది. ఇద్దరం ఆ మాట అనుకోలేదు.

చలికాలంలో వీపు కింద పుండు పడింది. నీళ్ల పరుపు తెచ్చాం, మందులు రాశాం. పైకి చిన్నగానే కనిపించేది, లోపల పెద్దదని డాక్టరు చెప్పాడు. జ్వరం పట్టుకుంది. మళ్లీ గుంటూరు తీసుకెళ్లాం. మిరప మొదటి కోతకి కూలీలు చేలోకి దిగిన వారంలోనే అన్నయ్య పోయాడు. ఆ ఏడు కోతలు ఎవరు కోయించారో, కాయలు ఎవరు ఆరబోశారో నాకు గుర్తు లేదు. బంధువులెవరో చూసుకుని ఉంటారు.

మళ్లీ వానలు మొదలయ్యేదాకా ఆ గది తలుపు మూసే ఉంది. ఒకరోజు పత్తి విత్తనాల సంచులు తడవకుండా పెట్టడానికి నాన్న ఆ తలుపు తీశాడు. సంచులు లోపలికి చేర్చడానికి నేనూ వెళ్లాను. అన్నీ గోడ వారగా పెట్టాక నాన్న మంచం పట్టె మీద కూర్చున్నాడు. బల్ల మీద చీర కప్పిన కంప్యూటర్ వైపు చాలాసేపు చూశాడు.

"అమ్మాయ్" అన్నాడు. "ఆ ఆట అసలెందుకు ఎక్కలేదంటావు?"

నేను పక్కన కూర్చుని చెప్పాను. నెట్ లైన్లు నిదానమని, కరెంటు పోతే మొదటికొచ్చేదని, డ్రైవు అద్దానికి దుమ్ము పట్టిందని, అది పోయాక కార్డు అడిగిందని, ఆ కార్డు ఈ బోర్డులో పట్టదని. నాన్న మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. డాక్టరు చెప్పేటప్పుడు కూడా అట్లాగే వినేవాడు, ప్రతి మాటకీ తలూపుతూ.

"అయితే కొనేటప్పుడే ఆ బోర్డు వేరేది అడిగుంటే..." అన్నాడు.

"అప్పుడు మనకెవరికీ తెలియదు నాన్నా."

"తెలియదు" అన్నాడు. తుండు భుజం మీంచి తీసి ముఖం తుడుచుకున్నాడు. బయట జల్లు పెద్దదైంది. ఎక్కడికీ పోయే పని లేదు.

"ఇంకోసారి చెప్పు, మొదట్నుంచి" అన్నాడు నాన్న.

చెప్పాను.